స్టెంటు వేశాక మంచం కాదు, కొలత ప్రకారం నడక

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడర్ చేసిన ప్రసంగం)

 

ప్రతి ఏడాదీ ఈ సభలో పొదుపు ఎంత పెరిగింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, స్త్రీనిధి బకాయి ఎంత ఉంది అని చెప్పుకుంటాం. ఆ లెక్కలు కార్యదర్శి గారు ఇప్పుడే చదివారు. నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పదో తరగతి వరకు చదివాను, డాక్టర్ని కాదు. కానీ మా గ్రామ సంఘం తరఫున, గుండె జబ్బు వచ్చిన సభ్యుల వెంట ఏడాదిగా ఆస్పత్రికి తిరుగుతున్నాను. అక్కడ డాక్టరమ్మ, ఫిజియోథెరపీ మేడం చెప్పినవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. కళ్ళారా చూసింది, పుస్తకంలో రాసుకున్నది మీకు చెప్తాను.

మీ ఊళ్ళో స్టెంటు వేయించుకున్నవాళ్ళు, బైపాస్ ఆపరేషన్ అయినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి మనసులో లెక్కపెట్టుకోండి. మా ఊళ్ళో లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు చాలలేదు. ఒకప్పుడు గుండె ఆపరేషన్ అంటే డబ్బున్నవాళ్ళ మాట. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కార్డు మీద మనలాంటి వాళ్ళకీ అందింది. మనిషి బతికి ఇంటికి వస్తున్నాడు. అంతవరకు సంతోషమే. ఇంటికొచ్చాక ఏం చెయ్యాలి అన్నదే మనకి సరిగ్గా తెలియడం లేదు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లుంటాయి, ఉప్పు, నూనె తగ్గించమని ఉంటుంది. ఎంత నడవాలి, ఎప్పటి నుంచి నడవాలి, ఎలా పెంచుకోవాలి అనేది విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ.

మా సంఘంలో జరిగిన రెండు సంగతులు చెప్తాను. పేర్లు చెప్పను.

ఒక అక్కకి ఇడ్లీ కొట్టు. వయసు యాభై లోపే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించే మనిషి. గుండెపోటు వచ్చింది, స్టెంటు వేశారు, ఇంటికి పంపారు. కొడుకులు మంచివాళ్ళు, కోడలు మంచిది. "అత్తమ్మా, మీరు మంచం దిగొద్దు" అంది. కంచం మంచం దగ్గరికే, నీళ్ళు మంచం దగ్గరికే. ఏడు నెలలు అలా గడిచాయి. చివరికి ఆవిడ పెరట్లోకి వెళ్ళొస్తే చాలు ఆయాసం. గుండె మళ్ళీ చెడిందేమోనని భయపడి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఎకో తీశారు. గుండె పంపింగ్ బాగానే ఉంది అన్నారు. మరి ఆయాసం ఎందుకమ్మా అని అడిగితే డాక్టరమ్మ చెప్పిన మాట: "గుండె బాగుంది. వాడకపోవడం వల్ల ఒళ్ళు చెడింది."

ఈలోపు కొట్టు మూతపడింది. ఆవిడ తీసుకున్న అప్పు కిస్తీలు మూడు నెలలు సంఘంలోని మిగతావాళ్ళం తలా కొంత వేసుకుని కట్టాం. నాలుగో నెల మీటింగులో గొడవ మొదలైంది. "మేమెన్నాళ్ళు కడతాం, మా ఇళ్ళలో కష్టాలు లేవా" అన్నారు కొందరు. వాళ్ళనీ తప్పు పట్టలేం. ఆవిడ మంచం మీద పడుకునే ఆ మాటలు విన్నది.

ఇంకో అక్కకి బైపాస్ అయింది. రొమ్ము మధ్య ఎముక కోసి, తీగతో కట్టి, కుట్లు వేసిన మనిషి. ఇంట్లో ఆడమనిషి ఆవిడొక్కతే. మూడో వారంలోనే పంపు దగ్గర బిందె ఎత్తింది. లీటరు నీళ్ళు కిలో బరువు. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోలు, బిందె బరువు వేరే. ఆ రాత్రి రొమ్ములో నొప్పి అని మళ్ళీ ఆస్పత్రికి పరుగు.

ఒకరిని మంచం మీద నుంచి లేవనివ్వలేదు. ఇంకొకరిని కూర్చోనివ్వలేదు. మన ఇళ్ళలో ఆడమనిషికి గుండె జబ్బు వస్తే ఈ రెండిట్లో ఏదో ఒకటి జరుగుతుంది. రెండూ తప్పే. రెండిటికీ మధ్య ఒక దారి ఉంది. దానికి ఆస్పత్రి వాళ్ళు కార్డియాక్ రిహాబిలిటేషన్ అని పేరు పెట్టారు. తెలుగులో గుండె పునరావాసం అంటారట. పునరావాసం అంటే మనకి ప్రాజెక్టు కింద ఊరు పోయినవాళ్ళకి కొత్త చోట ఇల్లు కట్టివ్వడం గుర్తొస్తుంది. ఇదీ అలాంటిదే. జబ్బు వల్ల పోయిన బలాన్ని, ధైర్యాన్ని, పనిని మళ్ళీ నిలబెట్టుకోవడం. ఇందులో మందులు, తిండి, పొగాకు మానడం, మనసులో దిగులు తగ్గించుకోవడం అన్నీ ఉంటాయి. అన్నిటికీ నడుం కట్టు లాంటిది వ్యాయామం. ఈ రోజు దాని గురించే చెప్తాను.

గుండె జబ్బు మనిషి కదలకూడదు అన్న మాట మనమొక్కళ్ళమే నమ్మలేదు. పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. ఇంగ్లండులో హెబర్డెన్ అనే డాక్టరు రెండు వందల ఏళ్ళ కిందటే ఒక సంగతి రాసి పెట్టాడు. ఛాతీ నొప్పితో బాధపడే ఒక మనిషి రోజూ అరగంట రంపంతో కట్టె కోసే పని పెట్టుకుని దాదాపు నయమయ్యాడని. తర్వాతి వాళ్ళు ఆ మాట పట్టించుకోలేదు. గుండెపోటు వస్తే వారాల తరబడి పక్క మీదే పడుకోబెట్టేవారు. 1952లో అమెరికాలో లెవైన్, లౌన్ అనే డాక్టర్లు, మనిషిని పడుకోబెట్టే బదులు కుర్చీలో కూర్చోబెట్టడం మేలని చెప్పారు. కుర్చీలో కూర్చోబెట్టడమే అప్పట్లో పెద్ద సాహసం.

1966లో డల్లాస్ అనే ఊళ్ళో ఇంకో పరీక్ష చేశారు. ఇది వింటే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఏ జబ్బూ లేని అయిదుగురు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. మూడు వారాల్లో వాళ్ళ ఒంటి సత్తువ, అంటే గట్టిగా పని చేసినప్పుడు ఒళ్ళు ప్రాణవాయువు వాడుకునే శక్తి, నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే అయిదుగురిని మళ్ళీ పిలిచి చూశారు. ముప్పై ఏళ్ళ వయసు తీసిన సత్తువ కంటే ఆ మూడు వారాల మంచం తీసిందే ఎక్కువ. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకే మూడు వారాల్లో అలా అయితే, మా ఇడ్లీ కొట్టు అక్కకి ఏడు నెలల్లో ఏమై ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇంకో మంచి మాట కూడా ఉంది. ఆ కుర్రాళ్ళకి తర్వాత రెండు నెలలు వ్యాయామం చేయిస్తే పోయిన సత్తువ తిరిగొచ్చింది. అంటే పోయింది మళ్ళీ సంపాదించుకోవచ్చు.

నడిస్తే గుండె అరిగిపోదా అని మా ఊళ్ళో ఒక పెద్దమ్మ అడిగింది. ఫిజియో మేడం చెప్పింది ఇది. రోజూ కొంచెం కొంచెంగా పని చేసే కాలి కండ, రక్తంలోంచి ప్రాణవాయువుని ఎక్కువగా లాక్కోవడం నేర్చుకుంటుంది. రక్తనాళాలు మెత్తబడి విప్పారుతాయి. అప్పుడు అదే మెట్లు ఎక్కడానికి గుండె ఇదివరకటి కంటే తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. అంటే వ్యాయామం గుండె మీద బరువు పెంచదు, రోజు మొత్తం మీద తగ్గిస్తుంది. దాంతోపాటు బీపీ, షుగరు అదుపులోకి వస్తాయి. నిద్ర పడుతుంది. మళ్ళీ గుండెపోటు వస్తుందేమోనన్న భయం తగ్గుతుంది.

ఇది వట్టి మాట కాదు. 2021లో ప్రపంచంలో అన్ని చోట్లా జరిగిన 85 పరిశీలనల్ని ఒకచోట చేర్చి చూశారు. అందులో 23 వేలకు పైగా గుండె జబ్బు మనుషులున్నారు. వ్యాయామంతో పునరావాసం చేసినవాళ్ళలో గుండె జబ్బుతో చనిపోయినవాళ్ళు, చెయ్యనివాళ్ళ కంటే దాదాపు నాలుగో వంతు తక్కువ. మళ్ళీ ఆస్పత్రిలో చేరడం కూడా తక్కువ.

మన దేశంలోనూ 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో పెద్ద పరిశీలన జరిగింది. సగం మందికి 12 వారాల్లో 13 సార్లు యోగాసనాలు, ఊపిరి సాధన నేర్పారు. 2020లో ఫలితం ప్రచురించారు. యోగా నేర్చుకున్నవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, పాత పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్ళారు. చావులు, మళ్ళీ గుండెపోట్లు తగ్గాయా అంటే, గట్టిగా చెప్పేంత తేడా కనబడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. అయితే నా మనసులో నిలిచిపోయింది వేరే లెక్క. ఆ వేల మందిలో ఆడవాళ్ళు ఏడుగురిలో ఒక్కరే. మన ఆడవాళ్ళం ఇలాంటి శిక్షణల దాకా వెళ్ళడం లేదన్న మాట.

ఇప్పుడు ఎలా చెయ్యాలో చెప్తాను. మొదటి మాట, డాక్టరు ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. కొందరికి గుండె బాగా నీరసించి ఉంటుంది, కొందరికి గుండె దడ జబ్బు ఉంటుంది. వాళ్ళ కొలత వేరు. అందుకని చెకప్‌కి వెళ్ళినప్పుడు "నేను ఎంత నడవొచ్చు, ఎంత బరువు ఎత్తొచ్చు" అని మనమే నోరు తెరిచి అడగాలి. డాక్టరు హడావుడిలో ఉంటే అక్కడుండే ఆరోగ్యమిత్రని పట్టుకోండి, ఫిజియోథెరపీ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి.

ఆస్పత్రిలో ముందుగా ఆరు నిమిషాల నడక పరీక్ష పెడతారు. 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ ఆరు నిమిషాలు నడవమని, ఎన్ని మీటర్లు నడిచామో రాస్తారు. ఖరీదైన మిషను ఏదీ అక్కర్లేదు. అలసిపోతే నిలబడవచ్చు. మా ఇడ్లీ కొట్టు అక్క మొదటిరోజు రెండుసార్లు ఆగి, 230 మీటర్లు నడిచింది. ఆ అంకె ఆవిడ పొదుపు పుస్తకం అట్ట వెనకాల రాయించుకుంది.

తర్వాత ఇంటి దగ్గర చేసే నడక. మొదటి వారం అయిదు నిమిషాల చొప్పున రోజుకి రెండు మూడుసార్లు, చదునుగా ఉన్న దారిలో. ఇబ్బంది లేకపోతే వారం వారం రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. అలా కొన్ని వారాలకి రోజుకి 30 నిమిషాలు, వారానికి అయిదు రోజులు అనే చోటికి చేరాలి. మొదటి అయిదు నిమిషాలు మెల్లగా, మధ్యలో చురుగ్గా, చివరి అయిదు నిమిషాలు మళ్ళీ మెల్లగా. చురుగ్గా నడిచి ఒక్కసారిగా ఆగి కూలబడకూడదు, కళ్ళు తిరుగుతాయి.

చురుగ్గా అంటే ఎంత? నాడి పట్టుకుని లెక్కపెట్టుకోవాలనుకుంటాం. కానీ గుండె జబ్బువాళ్ళకిచ్చే కొన్ని మందులు నాడి వేగాన్ని తగ్గిస్తాయి, అందుకని ఆ లెక్క ఒక్కటీ నమ్మలేం. మేడం చెప్పిన గుర్తు తేలిక. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట పాడగలుగుతున్నారంటే ఇంకాస్త వేగం పెంచొచ్చు. రెండు మాటలకి రొప్పు వస్తే తగ్గించాలి. ఒంటరిగా నడిస్తే ఈ గుర్తు పనికిరాదు కదా, తోడు కావాలి. సంఘం ఉన్నది అందుకే కదమ్మా.

కొన్ని వారాలయ్యాక, డాక్టరు సరేనంటే, వారానికి రెండు రోజులు కండ బలానికి చిన్న పనులు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం. గోడకి చేతులు ఆనించి తొయ్యడం. అరలీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకి కిందకి ఎత్తడం. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. బైపాస్ అయినవాళ్ళు రొమ్ము ఎముక అతుక్కునే దాకా, అంటే సాధారణంగా రెండు మూడు నెలలు, బరువులు ఎత్తకూడదు, లాగకూడదు, తొయ్యకూడదు. బిందె, బియ్యం మూట, తడిబట్టల బకెట్టు, చంటిపిల్ల, చేతిపంపు, రోలు, అన్నీ ఇందులోకే వస్తాయి. నడక మాత్రం వాళ్ళకి ఆస్పత్రిలో ఉండగానే మొదలవుతుంది.

జాగ్రత్తలు వినండి. తిన్న వెంటనే నడవొద్దు, గంట ఆగండి. మే నెల ఎండలో వద్దు, పుష్యమాసం మంచులోనూ వద్దు, పొద్దెక్కాక వెళ్ళండి. చెప్పులు గట్టివి వేసుకోండి, షుగరు ఉన్నవాళ్ళు అరికాళ్ళు రోజూ చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు కొంగున ఒక బెల్లం ముక్క కట్టుకోండి. జ్వరం ఉన్న రోజు నడక మానేయండి.

ఛాతీలో నొప్పి లేదా బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలు కంటే ఎక్కువ ఆయాసం, కళ్ళు తిరగడం, చల్లచెమటలు, గుండె దడ, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆగి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకునే బిళ్ళ డాక్టరు రాసిచ్చి ఉంటే, కూర్చున్నాకే పెట్టుకోవాలి, బీపీ పడిపోయి పడిపోయే ప్రమాదం ఉంది. తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. గ్యాస్ నొప్పి అని సోడా తాగి పడుకోవద్దు. ఆడవాళ్ళలో కొన్నిసార్లు ఛాతీ నొప్పి పెద్దగా లేకుండానే ఆయాసం, నీరసం, వికారంగా కూడా వస్తుంది.

ఇంకో మాట మరిచిపోవద్దు. నడక బాగా సాగుతోంది కదా అని మందులు ఆపేస్తున్నారు కొందరు. స్టెంటు వేశాక ఇచ్చే రక్తం పలచబడే బిళ్ళలు డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. నడక మందుకి తోడు, మందుకి బదులు కాదు.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. "పొద్దున్న లేస్తే ఇల్లు ఊడవడం, అంట్లు తోమడం, చేలో కలుపు, ఇదంతా ఎక్సర్‌సైజ్ కాదా? మళ్ళీ నడక ఎందుకు?" కూర్చుని ఉండేదాని కంటే ఇంటి పని మేలే. కానీ ఇంటి పనికి కొలత లేదు. ఒక నిమిషం వంగుతాం, ఒక నిమిషం ఊపిరి బిగబట్టి బరువు ఎత్తుతాం, పొగలో కూర్చుంటాం, ఎవరో పిలిస్తే పరుగెత్తుతాం. ఒంట్లో బాగోలేని రోజు తగ్గించే హక్కు ఉండదు. నడకకి మొదలుంది, చివర ఉంది, వారం వారం ఎంత పెంచామో లెక్కుంది. నడకలో ఆ అరగంట మనది. పొదుపు సంగతి మనకి తెలిసిందే. చేతిలో మిగిలింది దాచుకుందామంటే ఎప్పుడూ మిగలదు, ముందే తీసి పక్కన పెడితేనే నిలుస్తుంది. వ్యాయామానికి టైము కూడా అంతే.

మా ఊళ్ళో ఏం చేశామో చెప్పి ముగిస్తాను. ఆ గొడవ జరిగిన మీటింగు తర్వాత, కిస్తీ ఎవరు కట్టాలి అనే మాట పక్కన పెట్టి, ఆవిడ మళ్ళీ కొట్టు తెరవాలంటే ఏం చెయ్యాలి అని మాట్లాడుకున్నాం. ఆస్పత్రికి తీసుకెళ్ళి కొలత రాయించాం. రోజుకి ఇద్దరు చొప్పున తోడు నడిచారు. హైస్కూలు ప్రహరీ పక్కన సిమెంటు రోడ్డు మీద సున్నంతో 30 మీటర్లకి గీతలు గీశాం. విలేజ్ క్లినిక్ సిస్టర్ వారానికోసారి వచ్చి బీపీ చూసింది. విఓఏ రిజిస్టరులో రోజూ హాజరు వేసింది. పన్నెండు వారాలయ్యాక ఆరు నిమిషాల్లో ఆవిడ 320 మీటర్లు నడిచింది, ఒక్కసారీ ఆగలేదు. కొట్టు ఉదయం పూట మాత్రం తెరిచింది. పిండి గ్రైండరులో కొడుకు వేస్తాడు, గిన్నెలు కోడలు దింపుతుంది, ఇడ్లీలు ఆవిడ వేస్తుంది. కిస్తీ ఆవిడే కడుతోంది. మేం వేసుకున్న డబ్బు కూడా కొంచెం కొంచెంగా తీరుస్తోంది.

బైపాస్ అయిన అక్క మాత్రం ఆరు వారాలు వచ్చి మానేసింది. ఒంట్లో బాగోలేక కాదు. "నేను నడకకొస్తే నీళ్ళెవరు తెస్తారు, పొయ్యి దగ్గర ఎవరుంటారు" అంది. డాక్టరమ్మని అడిగితే, ఇది మీ ఊరి సంగతే కాదు, అన్ని దేశాల్లోనూ ఆడవాళ్ళు ఇలాంటి శిక్షణకి తక్కువగా వస్తారు, వచ్చినవాళ్ళు మధ్యలో మానేస్తారు, ఇంటి పని దానికి ఒక పెద్ద కారణం అని చెప్పారు. అంటే అడ్డు గుండె దగ్గర లేదు, పంపు దగ్గర ఉంది. ఆ పంపు దగ్గరి పని ఎవరైనా అందుకుంటేనే ఆవిడ గుండె బాగుపడుతుంది. ఇప్పుడు వాళ్ళాయనతో, కొడుకుతో మాట్లాడుతున్నాం. ఇంకా ఒప్పుకోలేదు. వదిలిపెట్టం.

అందుకని ఈ మహాసభ ముందు మా గ్రామ సంఘం తరఫున మూడు విన్నపాలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి గ్రామ సంఘం తన ఊళ్ళో స్టెంటు, బైపాస్ అయిన సభ్యుల, వాళ్ళ ఇంటివాళ్ళ జాబితా రాసి, ఆరోగ్యం అంశం కింద ప్రతి నెలా మీటింగులో వాళ్ళ నడక సంగతి అడగాలి. రెండు, ఆపరేషన్ అయిన సభ్యురాలికి మొదటి మూడు నెలలు నీళ్ళు, బరువు పనులు ఎవరు చేస్తారో ఇంటివాళ్ళని కూర్చోబెట్టి ఆ మీటింగులోనే తేల్చాలి, మినిట్స్ పుస్తకంలో రాయాలి. మూడు, ఆ మూడు నెలలు కిస్తీకి గడువు ఇచ్చే పద్ధతి మీద సమాఖ్య ఆలోచించాలి. గడువు ఇస్తే అప్పు ఎగ్గొడతారు అని భయం వద్దు. మంచం మీద ఉన్న మనిషి కట్టలేదు, లేచి నడిచిన మనిషి కడుతుంది. మా ఊళ్ళో చూశాం.

ఈ మూడు మాటలూ తీర్మానంగా రాయమని అధ్యక్షురాలిని కోరుతున్నాను. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి.